సీసీ ఖాతా ఉన్న కంపెనీలో కరెంట్ రేషియో: ఏ పద్దు దాన్ని ఎటు కదుపుతుందో లెక్కకట్టే పద్ధతి

మార్చి నెలాఖరున మా ఆఫీసుకు వచ్చే వ్యాపారుల్లో కనీసం ఒకరైనా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "సరుకు ఇచ్చినవాళ్ళ బాకీలన్నీ ముప్ఫై ఒకటో తేదీలోపు తీర్చేస్తే కరెంట్ రేషియో పెరుగుతుంది కదండీ?" అని. బీకాం పుస్తకం ప్రకారం ఆయన మాటలో తప్పేమీ లేదు. కాకపోతే ఆయన చెక్కులు రాసేది బ్యాంకు ఇచ్చిన సీసీ ఖాతా (క్యాష్ క్రెడిట్, అంటే ఒక పరిమితి దాకా తీసుకుంటూ, కడుతూ ఉండే అప్పు ఖాతా) మీద, ఆ ఖాతాలో ఉన్నది ఆయన డబ్బు కాదు, బ్యాంకుకు ఆయన పడ్డ బాకీ. ఒక బాకీ తీర్చడానికి ఇంకో బాకీ పెంచుకుంటే రేషియో ఉన్నచోటనే ఉంటుంది. పుస్తకంలో చదివిన జవాబులు చాలావరకు బ్యాంకులో సొంత నిల్వ ఉన్న కంపెనీకి వర్తించేవి. మన ఊళ్ళలోని మిల్లులు, ఫ్యాక్టరీలు చాలావరకు సీసీ మీద నడుస్తాయి కనుక, ఈ వ్యాసంలో ప్రతి పద్దునూ ఆ కోణంలోనుంచి కూడా చూద్దాం.

కరెంట్ రేషియో అంటే కరెంట్ ఆస్తులను కరెంట్ అప్పులతో భాగిస్తే వచ్చే అంకె. పన్నెండు నెలల లోపు గానీ, వ్యాపారపు ఒక చక్రం తిరిగేలోపు గానీ డబ్బుగా మారే చేతి నగదు, బ్యాంకు నిల్వ, బాకీదారులు, సరుకు, ముందుగా చెల్లించిన ఖర్చులు, వాడుకోవలసిన జీఎస్టీ క్రెడిట్ వంటివి కరెంట్ ఆస్తులు. అదే గడువులో తీర్చవలసినవి కరెంట్ అప్పులు. వీటిలో సరుకు ఇచ్చినవారి బాకీ, ఇంకా చెల్లించని జీతాలు, కరెంటు బిల్లు, కట్టవలసిన పన్నులు, సీసీ బాకీ ఉంటాయి. చాలామంది మరచిపోయేది ఇంకొకటి ఉంది: టర్మ్ లోనులో (వాయిదాల మీద కొన్నేళ్ళపాటు తీర్చే అప్పులో) రాబోయే పన్నెండు నెలల్లో కట్టవలసిన వాయిదాల మొత్తం కూడా కరెంట్ అప్పే.

ఉదాహరణ కోసం గుంటూరులో ఎండు మిర్చి కొని, పొడి ఆడించి అమ్మే ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీని ఊహించుకుందాం. అంకెలు నేను వేసుకున్నవే. ఒకానొక రోజున దాని చేతిలో నగదు 4 లక్షలు, బాకీదారులు 46 లక్షలు, సరుకు 90 లక్షలు, జీఎస్టీ క్రెడిట్, ముందస్తు ఖర్చులు కలిపి 10 లక్షలు, వెరసి కరెంట్ ఆస్తులు 150 లక్షలు. సీసీ బాకీ 70 లక్షలు, కమిషన్ ఏజెంట్లకు, ఇతర సరఫరాదారులకు ఇవ్వవలసింది 20 లక్షలు, చెల్లించవలసిన ఖర్చులు 4 లక్షలు, ఏడాదిలోపు కట్టవలసిన టర్మ్ లోను వాయిదాలు 6 లక్షలు, వెరసి కరెంట్ అప్పులు 100 లక్షలు. రేషియో 1.50. కింద చెప్పే ప్రతి లావాదేవీనీ ఈ 150కి, 100కి విడివిడిగా కలిపి చూస్తాను. ఒకదాని ఫలితం మీద ఇంకొకటి పేర్చడం లేదు.

ముందు ఒక గీత గీయండి

బ్యాలెన్స్ షీటును ముందు పెట్టుకొని అడ్డంగా ఒక గీత గీయండి. గీతకు పైన కరెంట్ ఆస్తులూ, కరెంట్ అప్పులూ ఉంచి, గీతకు కింద భవనాలు, యంత్రాలు, దీర్ఘకాలిక డిపాజిట్లు, టర్మ్ లోనులో ఏడాది దాటిన భాగం, వాటా మూలధనం, మిగులు లాభం ఉంచండి. ఏ లావాదేవీకైనా డెబిట్ ఒకటి, క్రెడిట్ ఒకటి ఉంటాయి కదా, ఆ రెండూ గీతకు ఏ వైపున పడ్డాయో చూస్తే సగం పని అయిపోతుంది.

రెండూ గీతకు పైన, అందులోనూ రెండూ ఆస్తుల్లోనే పడితే మొత్తం మారదు, రేషియో మారదు. చేతిలోని నగదుతో 2 లక్షల సరుకు కొంటే నగదు తగ్గి సరుకు పెరుగుతుంది, 150 అలాగే ఉంటుంది. రెండూ అప్పుల్లోనే పడినా అంతే.

రెండూ పైనే ఉండి, ఒకటి ఆస్తి, ఒకటి అప్పు అయితే రెండు మొత్తాలూ సమానంగా పెరుగుతాయి లేదా సమానంగా తగ్గుతాయి. అప్పుడు రేషియో ఎటు కదులుతుందన్నది, ప్రస్తుతం అది 1 కంటే ఎక్కువ ఉందా, తక్కువ ఉందా అన్నదాని మీద ఆధారపడుతుంది.

ఒక కాలు పైన, ఒక కాలు కింద పడితే, అంటే లావాదేవీ గీత దాటితే, రేషియో 1కి ఎటువైపు ఉందన్న ప్రశ్నే అక్కరలేదు. కింది నుంచి పైకి డబ్బు వస్తే రేషియో పెరుగుతుంది, పైనుంచి కిందికి దిగితే తగ్గుతుంది. లాభం కింది నుంచి పైకి వచ్చే డబ్బు, నష్టం పైనుంచి కిందికి పోయే డబ్బు అని గుర్తుంచుకుంటే అమ్మకాల లెక్క కూడా ఇందులోనే ఇమిడిపోతుంది.

ఒకటికి పైనా, కిందా

సమానంగా పెరిగే, తరిగే పద్దుల దగ్గర విద్యార్థులే కాదు, లెక్కల్లో తల పండినవారు కూడా తడబడుతూ ఉంటారు. మన కంపెనీ 20 లక్షల మిర్చి అరువు మీద కొన్నదనుకుందాం. ఆస్తులు 170, అప్పులు 120 అవుతాయి. రేషియో 1.50 నుంచి 1.42కి దిగుతుంది. అదే కొనుగోలును కరెంట్ ఆస్తులు 80 లక్షలు, కరెంట్ అప్పులు 100 లక్షలు ఉన్న మరో కంపెనీ చేస్తే 100 ఆస్తులు, 120 అప్పులు అవుతాయి, 0.80 ఉన్న రేషియో 0.83కి ఎక్కుతుంది. అప్పు చేసి సరుకు తెచ్చినందుకు ఒకరికి రేషియో తగ్గితే, ఇంకొకరికి పెరిగింది.

కారణం వెతకడానికి బీజగణితం అక్కరలేదు. ఏ కంపెనీ అయినా రెండు వైపులా ఒకే మొత్తాన్ని కలుపుతూ పోతే దాని రేషియో క్రమంగా 1 వైపుకు జరుగుతుంది, ఎందుకంటే కొత్తగా చేరిన భాగానికి రేషియో ఎప్పుడూ 1 మాత్రమే. పాత రేషియో 1 కంటే పైన ఉంటే కిందికి, కింద ఉంటే పైకి లాగుతుంది. తీసేస్తూ పోతే 1 నుంచి దూరంగా జరుగుతుంది. సరిగ్గా 1 ఉంటే రెండింటికీ కదలదు. అందుకే 0.80 ఉన్న కంపెనీ బ్యాంకులో ఉన్న తన సొంత డబ్బుతో 20 లక్షల బాకీ తీరిస్తే 60 ఆస్తులు, 80 అప్పులు మిగిలి రేషియో 0.75కి పడిపోతుంది. బాకీలు తీర్చే కంపెనీ మంచి కంపెనీ అన్న మన సహజమైన అభిప్రాయానికి ఈ అంకె లొంగదు.

సీసీ ఖాతా మధ్యలోకి వస్తే

ఇప్పుడు మొదట అడిగిన ప్రశ్న దగ్గరకు వద్దాం. మన కంపెనీకి బ్యాంకులో సొంత నిల్వ ఉండి, దాని నుంచి 10 లక్షల బాకీ తీర్చి ఉంటే ఆస్తులు 140, అప్పులు 90 అయి రేషియో 1.56కి చేరేది. సీసీ మీద చెక్కు ఇస్తే సరఫరాదారుల బాకీ 20 నుంచి 10కి తగ్గుతుంది, సీసీ బాకీ 70 నుంచి 80కి పెరుగుతుంది. ఆస్తులు 150, అప్పులు 100, రేషియో 1.50. అణువంత కూడా కదలలేదు.

అయితే బాకీలు తీర్చవద్దని కాదు. సూక్ష్మ, చిన్న తరహా సంస్థలుగా రిజిస్టరైన తయారీదారులకు, సేవలందించేవారికి రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలని 2006 నాటి ఎమ్‌ఎస్‌ఎమ్‌ఈ అభివృద్ధి చట్టం చెబుతుంది. ఆ గడువు దాటిన మొత్తాన్ని చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపుకోనిస్తామని 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 43బి(హెచ్) 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి అమల్లోకి వచ్చింది. మార్చిలో బాకీలు తీర్చడానికి అది సరైన కారణమే, కానీ రేషియో కోసమని తీర్చడంలో అర్థం లేదు.

వసూళ్ళ సంగతి దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. బాకీదారుడు 10 లక్షలు కడితే పుస్తకం ప్రకారం ఒక ఆస్తి తగ్గి మరో ఆస్తి పెరిగింది, మార్పేమీ లేదు. సీసీ ఖాతాలో జమ అయితే మాత్రం బాకీదారులు 46 నుంచి 36కి, సీసీ బాకీ 70 నుంచి 60కి తగ్గుతాయి. ఆస్తులు 140, అప్పులు 90, రేషియో 1.56. ఏడాది చివర రేషియో మెరుగుపడాలనుకునే మిల్లు యజమాని చెక్కులు రాస్తూ కూర్చోవడం కంటే మార్చి మూడో వారంలో వసూలు గుమాస్తాను ఊళ్ళ మీదికి పంపడం మేలు.

ఇదే తీరులో మిగతావీ మారుతాయి. చేతిలోని నగదుతో కొంటే కదలని రేషియోకు, సీసీ చెక్కుతో కొంటే అరువు కొనుగోలుకు పట్టిన గతే పడుతుంది. ఎగుమతి ఆర్డరు మీద కొనుగోలుదారు ముందుగా పంపిన 10 లక్షలు సొంత నిల్వ ఉన్న ఖాతాలో పడితే ఆస్తులు, అప్పులు రెండూ పెరిగి రేషియో తగ్గాలి. సీసీలో పడితే బ్యాంకు బాకీ తగ్గినంత మేరకు కొనుగోలుదారు అడ్వాన్సు పెరుగుతుంది, రేషియో కదలదు. కమిషన్ ఏజెంటుకు మనం ఇచ్చిన అడ్వాన్సు మాత్రం ఆస్తినీ, సీసీ బాకీనీ రెండింటినీ పెంచి రేషియోను 1 వైపుకు లాగుతుంది.

ఒక జాగ్రత్త: సీసీ ఖాతాలో కొన్ని రోజులు మన డబ్బే నిల్వ ఉండవచ్చు. ఆ రోజుల్లో అది ఆస్తి, పుస్తకంలోని జవాబులే వర్తిస్తాయి. అందుచేత లెక్క మొదలుపెట్టే ముందు ఆ రోజు బ్యాంకు స్టేట్‌మెంటులో నిల్వ డెబిట్టా (మన బాకీ), క్రెడిట్టా (మన డబ్బు) అన్నది చూసుకోవాలి.

అమ్మకం, లాభం, నష్టం

8 లక్షలకు పడిన పొడిని 10 లక్షలకు అరువు మీద అమ్మితే సరుకు 8 తగ్గి, బాకీదారులు 10 పెరుగుతారు. ఆస్తులు 152, అప్పులు 100, రేషియో 1.52. ఇక్కడ కదిపింది అమ్మకం కాదు, అందులోని 2 లక్షల లాభం. అదే అమ్మకానికి డబ్బు వెంటనే సీసీలో పడితే ఆస్తులు 142, అప్పులు 90, రేషియో 1.58. లాభం ఒకటే, కానీ రెండు వైపులూ కుంచించుకుపోయినందువల్ల రేషియో ఇంకాస్త పైకి వెళ్ళింది.

ఇక్కడే కాస్త ఆగి చూడవలసిన సంగతి ఉంది. అదే 8 లక్షల సరుకును 7 లక్షలకు నష్టానికి అమ్మి, డబ్బు సీసీలో వేశారనుకుందాం. ఆస్తులు 142, అప్పులు 93, రేషియో 1.53. లక్ష రూపాయలు పోగొట్టుకున్నా రేషియో 1.50 నుంచి పెరిగింది! నష్టం కిందికి లాగినదానికన్నా, రెండు వైపులూ కుంచించుకుపోవడం పైకి తోసింది ఎక్కువ. రేషియో ఒక్కదాన్నే చూసేవారు ఈ కంపెనీ మెరుగుపడిందంటారు. అందుకే నేను ప్రతి లెక్క పక్కన కరెంట్ ఆస్తుల్లోంచి కరెంట్ అప్పులు తీసేస్తే మిగిలే నికర వర్కింగ్ క్యాపిటల్‌ను కూడా రాసుకుంటాను. ఇక్కడ అది 50 లక్షల నుంచి 49కి తగ్గింది. గీత దాటిన డబ్బు ఎంతో ఆ అంకె దాచకుండా చెబుతుంది. రేషియో ఎటు కదిలినా, ఈ అంకె కదలకపోతే ఆ లావాదేవీ గీతకు పైనే తిరిగిందని అర్థం.

కూలీలు, జీతాలు, కరెంటు బిల్లు వంటి ఖర్చులు లాభాన్ని తినేవే కనుక రేషియోను తగ్గిస్తాయి. 3 లక్షల కూలి సీసీ నుంచి ఇస్తే 150 మీద 103, అంటే 1.46. ఆ కూలి మిర్చి తొడిమ తీయడానికో, పొడి ఆడించడానికో అయి, ఆ సరుకు ఇంకా గోదాములోనే ఉంటే, కూలి సరుకు విలువలో చేరుతుంది కనుక 153 మీద 103, అంటే 1.49 మాత్రమే అవుతుంది. జీతాల నుంచి మినహాయించిన టీడీఎస్, పీఎఫ్‌లను వచ్చే నెల కట్టేదాకా కరెంట్ అప్పుగా ఉంచాలి, వాటి మీద ఇంతకన్నా చెప్పవలసింది లేదు.

యంత్రం కొన్నప్పుడు జరిగేది

గీత దాటే లావాదేవీల్లో ఎక్కువ నష్టం చేసేది సీసీ డబ్బుతో స్థిరాస్తి కొనడం. నేను లెక్కలు చూసే ఒక మిల్లులో ఒక ఫిబ్రవరిలో, మంచి ధరకు దొరుకుతోందని, కొత్త గ్రైండింగ్ యంత్రాన్ని సీసీ నుంచే డబ్బు తీసి కొనేశారు. టర్మ్ లోనుకు కాగితాలు పెట్టడం ఆలస్యమవుతుందన్నారు. నాకు తెలిసింది ఏప్రిల్‌లో. సీసీ లిమిటు (అప్పు పరిమితి) రెన్యువల్‌కు కూర్చున్న బ్యాంకు అధికారి మొదట అడిగింది ఆ యంత్రం గురించే, స్వల్పకాలిక నిధులను దీర్ఘకాలిక అవసరాలకు మళ్ళించారని రాసుకున్నారు. ఆ మాట ఫైలులో పడ్డాక లిమిటు పెంచమని అడిగే ధైర్యం ఆ యజమానికి రెండేళ్ళదాకా రాలేదు. ముందుగా అడిగి ఉంటే నేను చెప్పేవాణ్ణే, అయినా అడగకపోవడంలో నా తప్పు కూడా ఉంది. ఫిబ్రవరి స్టేట్‌మెంటు ఏదో తేడాగా ఉందని చూసి కూడా ఫోను చేయలేదు.

అంకెల్లో చూద్దాం. 12 లక్షల యంత్రం సీసీ నుంచి కొంటే ఆస్తులు 150 అలాగే ఉండి అప్పులు 112 అవుతాయి, రేషియో 1.34. అదే యంత్రానికి 10 లక్షలు ఐదేళ్ళ టర్మ్ లోను తీసుకొని, మార్జిను, అంటే మన వంతుగా పెట్టవలసిన 2 లక్షలు, సీసీ నుంచి కడితే, మొదటి ఏడాది వాయిదాలు 2 లక్షలు కరెంట్ అప్పుల్లో చేరతాయి. మొత్తం 104, రేషియో 1.44. మార్జిన్ డబ్బు డైరెక్టర్లు మూలధనంగా తెస్తే అప్పులు 102 దగ్గరే ఆగిపోతాయి.

టర్మ్ లోను వాయిదా కట్టడం రేషియో మీద ప్రభావం చూపదని చాలామంది అనుకుంటారు, ఏడాదిలోపు కట్టవలసినదే కట్టాము కదా అని. నెలకు 50 వేల అసలు వాయిదా సీసీ నుంచి కట్టారనుకోండి. సీసీ బాకీ 50 వేలు పెరిగింది, వాయిదా బాకీ 50 వేలు తగ్గింది. కానీ నెల గడిచిందంటే పదమూడో నెల వాయిదా పన్నెండు నెలల గడువులోకి వచ్చేసినట్టే, గీతకు కిందున్న ఇంకో 50 వేల బాకీ పైకి ఎక్కుతుంది. కరెంట్ అప్పులు 100.5, రేషియో 1.49. నెలకు ఇంత చొప్పున ఏడాది పొడవునా కారుతుంది. ఆ కారుడుకు లాభమూ, తరుగుదలగా పక్కకు తీసిన మొత్తమూ సరితూగాలి. తరుగుదల పద్దు రాయడం రేషియోను కదపదు. కానీ లాభంలోంచి తీసివేసినా చేయి దాటని డబ్బు అది, వాయిదాలకు ఆధారం కూడా అదే.

మూలధనం తెస్తే ఫలితం నేరుగా కనబడుతుంది. వాటాదారులు 10 లక్షలు పెట్టి సీసీలో వేస్తే 150 మీద 90, రేషియో 1.67. డైరెక్టర్ల అప్పుగా తెస్తే అంత తేలిక కాదు. అడిగినప్పుడు తిరిగి ఇవ్వవలసిన అప్పు బ్యాలెన్స్ షీటులో స్వల్పకాలిక బాకీయే. బ్యాంకు లోను ఉన్నంతకాలం వెనక్కి తీసుకోబోమని డైరెక్టర్లు రాసిచ్చి, ఆ షరతుతోనే ఒప్పందం ఉంటే తప్ప గీతకు కింద చూపలేము. డివిడెండ్ విషయంలో రేషియో తగ్గేది ప్రకటించి బాకీగా రాసిన రోజున, సీసీ నుంచి చెల్లించిన రోజున ఇంకేమీ మారదు.

రూపాయి కదలకుండానే కదిలే రేషియో

కొన్ని పద్దులకు బ్యాంకుతో పనే ఉండదు. రానిబాకీగా 4 లక్షలు కొట్టేస్తే 146 మీద 100, రేషియో 1.46. దానికి ముందే ఏర్పాటు (ప్రొవిజన్) చేసి ఉంటే, బాకీదారులను ఆ మేరకు తగ్గించే చూపి ఉంటారు కనుక ఈరోజు కొట్టేయడం వల్ల ఏమీ మారదు. ఆదాయపు పన్నుకు 5 లక్షల ఏర్పాటు చేస్తే అప్పులు 105, రేషియో 1.43.

మిర్చి వ్యాపారంలో వీటన్నిటికన్నా పెద్దది సరుకు విలువ. కొన్న ధర, అమ్మితే వచ్చే నికర ధర, ఈ రెండింటిలో తక్కువదానికే ముగింపు సరుకును కట్టాలని అకౌంటింగ్ స్టాండర్డ్ ఏఎస్-2 చెబుతుంది. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయి, ఆంధ్రప్రదేశ్ మిర్చికి మార్కెట్ జోక్యం పథకం కింద కేంద్రం క్వింటాకు 11,781 రూపాయలు ఖరారు చేసిన రోజులు గుంటూరులో ఎవరూ మరచిపోలేదు. కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు (మిర్చి బస్తాలు) పెట్టుకున్నవారికి అలాంటి ఏడాది ఏం చేస్తుందో మన కంపెనీ మీద చూద్దాం. 90 లక్షల సరుకులో 300 క్వింటాళ్ళు క్వింటా 16,000 చొప్పున కొన్నవి, అంటే 48 లక్షలు. మార్చి 31న అమ్మితే క్వింటాకు 12,000 మాత్రమే వస్తుందంటే వాటిని 36 లక్షలకు దించాలి. 12 లక్షలు ఒక్క కలంపోటుతో పోతాయి, 138 మీద 100, రేషియో 1.38. యంత్రం కొన్న తప్పుకు సమానంగా, ఏ తప్పూ చేయకుండానే దెబ్బ తగిలింది.

అయితే అదే ఏఎస్-2లో ఒక మినహాయింపు ఉంది. ఆ మిర్చి అమ్మకానికి కాక పొడి ఆడించడానికి పెట్టిన ముడిసరుకు అయి, తయారైన పొడి దాని ఖర్చుకు తగ్గకుండా అమ్ముడుపోతుందని చూపగలిగితే, ముడిసరుకును కొన్న ధర కంటే కిందికి దించనక్కరలేదు. ప్యాకెట్ పొడి ధర మిర్చి ధరతో పాటు వెంటనే పడిపోదు కనుక పొడి మిల్లులకు ఇది నిజంగా ఉపయోగపడుతుంది. ఆర్డర్లు, ఇన్‌వాయిస్‌లు చేతిలో ఉండాలి, నోటి మాట చాలదు.

మార్చి 31 అనే తేదీ

గుంటూరు మిర్చి మార్కెట్ యార్డుకు కొత్త పంట జనవరి నుంచి జోరుగా వచ్చి, మార్చి, ఏప్రిల్‌లలో ముమ్మరంగా ఉంటుంది. ఏడాదికి సరిపడా మిర్చిని ఆ రెండు మూడు నెలల్లోనే కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుంటారు. అంటే బ్యాలెన్స్ షీటు తేదీ సరిగ్గా సరుకూ, బాకీలూ పర్వతంలా పేరుకున్న రోజున పడుతుంది. డిసెంబరులో 150 ఆస్తులు, 100 అప్పులు ఉన్న మన కంపెనీ, మార్చి చివరికి మరో కోటి రూపాయల మిర్చి సీసీ మీద, అరువు మీద కొంటే 250 ఆస్తులు, 200 అప్పులు, రేషియో 1.25. సెప్టెంబరుకు సరుకు కరిగి, వసూళ్ళు సీసీలో పడి 110 ఆస్తులు, 60 అప్పులు మిగిలితే రేషియో 1.83. నికర వర్కింగ్ క్యాపిటల్ మూడు తేదీల్లోనూ 50 లక్షలే. కంపెనీ బలం మారలేదు, మారింది ఫోటో తీసిన రోజు.

ఈ 1.25 బ్యాంకులో ఎందుకు పేచీ అవుతుందంటే, రిజర్వు బ్యాంకు 1974లో ప్రకాశ్ టాండన్ అధ్యక్షతన వేసిన కమిటీ చెప్పిన రెండో పద్ధతి ప్రకారం కరెంట్ ఆస్తుల్లో కనీసం 25 శాతం దీర్ఘకాలిక నిధుల నుంచి రావాలి. వంద రూపాయల ఆస్తిలో 75 మాత్రమే కరెంట్ అప్పుల నుంచి రావచ్చు గనుక వందను 75తో భాగిస్తే 1.33. నాటి నుంచి ఆ అంకె బ్యాంకు అధికారుల నాలుక మీద ఉండిపోయింది. చిన్న యూనిట్లకు అమ్మకాల అంచనాను బట్టి లిమిటు కట్టే, నాయక్ కమిటీ సూచించిన టర్నోవర్ పద్ధతి ఉన్నా, ఈ అంకెను చూడని ఫైలు నాకు ఎదురుపడలేదు. పైగా మనం కరెంట్ ఆస్తిగా చూపినవాటిని వారు అలాగే ఒప్పుకోరు. ఆరు నెలలు దాటిన బాకీలను, అనుబంధ సంస్థలకు ఇచ్చిన అడ్వాన్సులను సాధారణంగా గీతకు కిందికి తోసేస్తారు. 46 లక్షల బాకీల్లో 9 లక్షలు పాతవైతే మన 1.50 వారి కాగితం మీద 1.41 అవుతుంది. లిమిటు అడిగే ముందు బాకీలను వయసుల వారీగా విడదీసి మనమే ఆ లెక్క వేసుకోవడం మంచిది.

మార్చి చివర రేషియోను చక్కదిద్దడానికి మూడు పనులు మాత్రమే న్యాయంగా చేయగలం: వసూళ్ళను ముందుకు జరుపుకోవడం, టర్మ్ లోనుకు అర్హమైన యంత్రాలకు టర్మ్ లోనే తీసుకోవడం, లాభాన్ని బయటికి తీయకుండా ఉంచడం. ఏప్రిల్ మొదటివారంలో వెనక్కి పోయే చేబదులు మార్చి 30న సీసీలో వేయించడం నేనెరిగిన చాలామంది చేసే పనే. రెండు వరుస నెలల స్టేట్‌మెంటు చూసిన ఏ అధికారికైనా అది దొరికిపోతుంది.

వివరణ రాసేటప్పుడు

కంపెనీల చట్టం మూడో షెడ్యూలుకు 2021 మార్చి 24న చేసిన సవరణ ప్రకారం 2021 ఏప్రిల్ 1 నుంచి కరెంట్ రేషియోతో సహా పదకొండు నిష్పత్తులను ఆర్థిక నివేదికల్లో చూపాలి, గత ఏడాదితో పోలిస్తే 25 శాతానికి మించి మారినవాటికి కారణం రాయాలి. పోయిన ఏడాది 1.80 ఉండి ఈ ఏడాది 1.25 అయితే తగ్గుదల దాదాపు 31 శాతం, రాయక తప్పదు. "వ్యాపార పరిస్థితుల వల్ల" అని రాసేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. పైన చెప్పిన గీతను ముందు పెట్టుకొని, గీతకు పైన తిరిగినదెంత, గీత దాటినదెంత అని విడదీసి రాయండి. ఉదాహరణకు: "ఈ ఏడాది పంట ముందుగా వచ్చినందున మార్చిలో కోటి రూపాయల ముడిసరుకు సీసీ, సరఫరాదారుల బాకీల మీద కొన్నాము. ఆస్తులు, అప్పులు సమానంగా పెరిగినందున రేషియో తగ్గింది. నికర వర్కింగ్ క్యాపిటల్ 50 లక్షల వద్ద మారలేదు."

రాసిన అంకె బ్యాంకుకు ఇచ్చిన స్టాక్ స్టేట్‌మెంటుతో (సరుకు, బాకీల వివరాల పట్టికతో) కలవాలి. కరెంట్ ఆస్తుల పూచీ మీద అప్పు తీసుకున్న కంపెనీ, బ్యాంకుకు ఇచ్చిన త్రైమాసిక స్టేట్‌మెంట్లు పుస్తకాలతో సరిపోతున్నాయో లేదో కూడా అదే సవరణ ప్రకారం నివేదికలో చెప్పాలి. తేడా ఉంటే ఎంతో, ఎందుకో రాయాలి. మార్చి స్టేట్‌మెంటులో కొన్న ధరకు కట్టిన 300 క్వింటాళ్ళను బ్యాలెన్స్ షీటులో 12,000కు దించినప్పుడు వచ్చే తేడా ఇలాంటిదే, కనుక విలువ దించిన రోజునే బ్యాంకుకు సవరించిన స్టేట్‌మెంటు పంపండి.